విడదీయరాని జట్టు

ఎలుక అనగానే మనకు ముందుగా స్ఫురించేది బోను. గాదెకు కన్నం వేసేదీ, పెట్టెలోని పట్టుచీరను కొరికేదీ, పండిన చేనిలో వెన్నులు కోసుకుపోయేదీ అదే గదా! వినాయక చవితినాడు స్వామి పాదాల చెంత ఉన్న మట్టి ఎలుకకు కూడ ఒక పూవు వేసి నమస్కరిస్తాము. మరునాటి రాత్రి ఇంటి ఎలుక కోసం బోనులో గారెముక్క గుచ్చి ఉంచుతాము. ఇట్టి మనతో, ఎలుకలను ముద్దుగా పెంచుకొనేవారు ఉన్నారనీ, దిక్కులేని ఎలుకలకు మరొక ఇల్లు వెదకిపెట్టేవారు కూడ ఉన్నారనీ చెబితే నవ్వు రావడం సహజం. ఆ నవ్వును కొద్ది నిమిషాలు ఆపుకొని ఆలకించవలసినదిగా శ్రోతలను కోరుతున్నాను.

ఈ వేడుక ఇంగ్లండులో వేళ్లూనుకొన్నది. 19వ శతాబ్దంలో లండను నగరంలో జాక్ బ్లాక్ అని ఎలుకలు పట్టేవాడొకడు ఉండేవాడు. తాను విక్టోరియా రాణి కొలువువాడినని చెప్పుకొనేవాడు. వింత రంగుల ఎలుకలు చిక్కితే వాటిని చంపక, పెంచి, వాటి సంతతిని అమ్మేవాడు. 1901లో మేరీ డగ్లస్ అనే మహిళ పూనికతో ఐల్స్‌బరీ పట్టణపు ప్రదర్శనలో ఎలుకలకు కూడ చోటు దొరికింది. 1976లో వాటి అభిమానులకు ప్రత్యేకంగా ఒక జాతీయ సంఘమే ఏర్పడింది. ఈ పెంపుడు ఎలుకలు మురుగుకాలువలలో తిరిగే గోధుమవన్నె ఎలుకల జాతివే. తరతరాలుగా మనిషి చేతిలో పెరిగి సాధువులైనవి.

పెంచేవారికి జబ్బు చేయవచ్చు, ఇల్లు మారవలసి రావచ్చు. ఆడ మగ తెలియక ఒక పంజరంలో ఉంచితే మూడు వారాలకే ఇల్లంతా పిల్లలు కావచ్చు. అప్పుడు 1824లో స్థాపితమైన జంతు సంరక్షణ సంఘం వంటివి వాటిని చేరదీస్తాయి. ఔత్సాహికులు కొందరు తమ ఇంటనే తాత్కాలికంగా ఆశ్రయమిస్తారు. దీనిని సాకుడు అందాము. సాకేవారి పని తేలిక కాదు. ఆడవాటినీ మగవాటినీ వేరుచేయాలి. సొంత ఎలుకలుంటే రెండు మూడు వారాలు వాటికి దూరంగా ఉంచాలి. ఊపిరిలో గురక ఉన్నదేమో వినాలి. కళ్లచుట్టూ, ముక్కుచుట్టూ ఎర్రని మరక కనబడితే అది నెత్తురు కాదు, ఒక స్రావం. అది అధికమైతే జబ్బుకో బెదురుకో గుర్తు. పిమ్మట వాటిని మనిషి చేతికి మచ్చిక చేయాలి.

అసలు చిక్కు దత్తత సమయంలో వస్తుంది. కలిసి పెరిగిన ఎలుకలు నాలుగున్నవి. వచ్చినవారు రెండే చాలునంటారు. ఇచ్చివేస్తే పంజరం త్వరగా ఖాళీ అవుతుంది, మరొక జట్టుకు చోటు దొరుకుతుంది. అయినా అనుభవజ్ఞులు సాధారణంగా ఒప్పుకోరు. ఎందుకు?

ఎలుక ఒంటరి ప్రాణి కాదు. ఒకదానిపై ఒకటి పడి నిద్రిస్తాయి, ఒకదాని ఒళ్లు మరొకటి దువ్వుతుంది. వాటి పలుకులలో చాలభాగం మన చెవికి అందనంత హెచ్చు స్థాయిలో ఉంటుంది. కనుక మనమెంత గారాబం చేసినా తోటి ఎలుకకు సాటిరాము. 2011లో షికాగో విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం జరిగింది. రెండు వారాలు కలిసి ఉన్న జంటలో ఒకదానిని ఇరుకు గొట్టంలో బంధించారు. రెండవది క్రమంగా తలుపు తీయడం నేర్చి తోటిదానిని విడిపించింది. పక్కన మరొక గొట్టంలో చాక్లెట్టు ముక్కలుంచినా, రెండింటినీ తెరచి, తరచు ఆ తీపిని కూడ పంచుకొన్నది. నేస్తానికి ఇంత విలువనిచ్చే ప్రాణిని మన సౌకర్యం కోసం విడదీయడం న్యాయమా?

ఇందులోనూ వివేకం కావాలి. నెత్తురు వచ్చేలా కరచుకొనేవాటిని కలిపి ఉంచడం దయ కాదు. జట్టును మొత్తంగా తీసుకొనేవారు దొరికేదాకా సాకేవారు ఓపిక పట్టాలి. మరొక మాట: ఎలుక ఆయుర్దాయం రెండు మూడేళ్లు. జట్టులోనివి ఒక్కొక్కటే రాలిపోగా చివరకు ఒకటి మిగులుతుంది. దాని గతి ఏమిటన్న ప్రశ్న దత్తత నాడే అడగాలి. కొత్త తోడును, ఏ ఒక్కదానిదీ కాని చోట, మెల్లమెల్లగా పరిచయం చేయవచ్చు. లేదా తోటి ఎలుకలున్న సాకుడింటికే తిరిగి పంపవచ్చు.

గాదెలోని ఎలుకను క్షమించమని రైతును నేను కోరడం లేదు. ఆతని కష్టం ఆతనిది. కాని ఒక ప్రాణిని మన చేతులతో పంజరంలో ఉంచినప్పుడు, దాని తిండితోపాటు దాని తోడుకు కూడ మనమే బాధ్యులము. స్విట్జర్లండులో 2008 నాటి నిబంధనలు, గుంపుగా బ్రతికే జంతువులకు సజాతివాటి సాంగత్యం ఉండాలని శాసించాయి. మన ఇండ్లలో పంజరపు చిలుక ఒంటరిగా అరవడం ఎన్నిమార్లు విన్నామో! ఇకమీదట ఆ అరుపు వినబడినప్పుడు, అది ఎవరిని పిలుస్తున్నదో ఒకమారు ఆలోచిస్తే చాలును.