అవయవ మార్పిడి పొందినవారు – కరోనా వ్యాధి

తనదేదో పరాయిదేదో గుర్తించు శక్తి మన శరీరమునకు పుట్టుకతోనే కలదు. కాలిలో ముల్లు విరిగినచోట వాపు పుట్టుట, గాయము చీము పట్టుట, జలుబు చేసినప్పుడు ఒళ్ళు వెచ్చబడుట – ఇవన్నియు ఆ శక్తి చేయు పనులే. రక్తములోని తెల్లకణములు రేయింబవళ్ళు కావలి కాచుచు, పరాయి వస్తువు కనబడినంతనే దానిపై విరుచుకొనిపడును. ఈ కావలి లేనిచో మనము ఒక్క వర్షకాలమునైనను దాటజాలము.

అయితే ఒకరి మూత్రపిండమును మరియొకరి శరీరములో అమర్చినప్పుడు ఈ కావలియే చిక్కు తెచ్చిపెట్టును. ప్రాణము నిలుపుటకై వచ్చిన అవయవమును సైతము తెల్లకణములు శత్రువుగానే ఎంచును. 1954 డిసెంబరు 23వ తేదీన బోస్టన్ నగరములో డాక్టర్ జోసెఫ్ మర్రే మూత్రపిండ మార్పిడిని మొట్టమొదట జయప్రదముగా చేయగలుగుటకు కారణము, ఇచ్చినవారును పుచ్చుకొన్నవారును ఒకే రూపము గల కవల సోదరులగుటయే. కవలలు కానివారికి ఈ చికిత్స అందవలెనన్నచో, కావలిని మెత్తబరచు మందులు కావలసివచ్చినవి. అవి ఒకటొకటిగా వచ్చినవి. మన దేశమున 1971లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రిలో మూత్రపిండ మార్పిడి జయప్రదముగా జరిగినది. నేడు మార్పిడి పొందినవారిలో అనేకులు టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసలోన్ అను మందులను వేళ తప్పక పుచ్చుకొనుచు, తమ ఉద్యోగములును సంసారములును నడుపుకొనుచున్నారు.

ఇంటికి చుట్టము వచ్చినప్పుడు మనము పెరటి కుక్కను కట్టివేయుదుము. చుట్టము వెళ్ళిన పిమ్మట విప్పుదుము. మార్పిడి పొందినవారి ఇంటికి వచ్చిన చుట్టము తిరిగి వెళ్ళువాడు కాడు. కనుక కుక్కను జీవితాంతము కట్టియే ఉంచవలెను. చుట్టము సుఖముగా ఉండును; కాని దొంగ వచ్చిననాడు మొరుగువారెవరు? అట్టి దొంగ 2020లో కరోనా రూపమున వచ్చినది.

మన దేశమున మొదటి కరోనా రోగిని 2020 జనవరి 30న కేరళములో గుర్తించిరి. అటుపిమ్మట మూడు నెలలు తిరుగకముందే, న్యూయార్కు నగరములోని ఒక ఆసుపత్రి వైద్యులు మూత్రపిండ మార్పిడి పొంది కరోనా సోకిన 36 మంది వృత్తాంతమును ప్రకటించిరి. వారిలో 10 మంది మరణించిరి. అవి టీకా లేని, చికిత్స తెలియని తొలి దినములు. ఆ లెక్కను నేటికి అన్వయించి భయపడనక్కరలేదు. కాని ఆ నివేదికలో గమనింపదగిన సంగతి మరియొకటి కలదు. జబ్బు మొదలయినప్పుడు జ్వరము కనబడినది నూటికి 58 మందిలో మాత్రమే. జ్వరము కావలివాడు వేయు కేక. కావలి మెత్తబడినచోట కేక వినబడకపోవచ్చును. ఒళ్ళు వెచ్చగా లేదు గదా అని ధైర్యపడుట వీరి విషయమున ప్రమాదకరము. ఇంతేగాక, ఆరోగ్యవంతుల దేహమునుండి కొన్ని దినములలో తొలగిపోవు ఈ సూక్ష్మజీవి, వీరిలో కొందరి దేహమున వారముల తరబడి నిలిచియుండును.

ఇక మన ప్రాంతమునకు వత్తము. ఉత్తరాంధ్రమునకు మూత్రపిండ వ్యాధి క్రొత్త కాదు. శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము పేరు వినని ఇల్లు ఇచ్చట లేదు. నర్సీపట్నము 2022 ఏప్రిల్ 4 నుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. అంతకు పూర్వము విశాఖపట్నము జిల్లాలోనిది. చింతపల్లి, కొయ్యూరు మన్యమునుండి దిగివచ్చువారికి ఇదియే పెద్ద ఊరు. ఇచ్చట ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి కలదు. కాని అవయవ మార్పిడి పొందినవారు రక్తములో మందు పాలు చూపించుకొనుటకు విశాఖపట్నము పోవలసినదే. 2020 మార్చి చివర దేశమంతట రాకపోకలు నిలిచినప్పుడు ఆర్.టి.సి. బస్సులును నిలిచినవి, మరల మే 21న గాని కదలలేదు. అట్టి సమయమున మార్పిడి పొందినవారి సంకటము రెండంచుల కత్తివంటిది. ఆసుపత్రికి పోయినచో అచ్చట కరోనా అంటుకొనునేమోయని భయము. పోకున్నచో పరీక్ష తప్పి, మందు అందక, ఎంతో కష్టపడి పొందిన అవయవము చెడునేమోయని భయము.

అవయవము కొరకు ఎదురుచూచువారి కష్టము మరియొకటి. వారానికి రెండు మూడు మారులు డయాలిసిస్ కొరకు నలుగురితో ఒకే గదిలో గంటల తరబడి ఉండక వారికి తప్పదు. 2019లో మన దేశమున 12,000కు పైగా అవయవ మార్పిడులు జరుగగా, 2020లో అవి 7,500కు లోపుగా తగ్గిపోయినవి. ఆ తగ్గిన సంఖ్య వెనుక ఎన్ని కుటుంబముల నిరీక్షణ కలదో ఊహింపవచ్చును.

ఆ దినములలోనే నర్సీపట్నము పేరు దేశమంతట వినబడినది. ఏరియా ఆసుపత్రిలో మత్తుమందు వైద్యుడుగా ఉండిన డాక్టర్ కె. సుధాకర్, వైద్యులకు ఎన్-95 మాస్కులు చాలుటలేదని 2020 ఏప్రిల్‌లో బహిరంగముగా పలికి సస్పెండు అయినారు. ఆ వివాదము ఈ ప్రసంగమునకు విషయము కాదు. కాని మాస్కు వైద్యునికి మాత్రమే రక్షయని తలంపరాదు. వైద్యునికి అంటిన జబ్బు ఆయన తాకు ప్రతి రోగికిని చేరవచ్చును. ఆ రోగులలో కావలి మెత్తబడినవాడు ఒక్కడున్నను, మొదట పడిపోవువాడు వాడే.

2021 జనవరి 16న మన దేశమున టీకాలు ఆరంభమయినవి. టీకా అనగా దొంగ పోలికను కావలివానికి ముందుగా చూపించుట. కట్టివేసిన కావలివాడు ఆ పోలికను చక్కగా నేర్చుకొనగలడా? అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమువారు 2021లో పరిశీలింపగా, మార్పిడి పొందినవారిలో మొదటి సూది పిమ్మట నూటికి 17 మందిలో, రెండవదాని పిమ్మట 54 మందిలో మాత్రమే రక్షక పదార్థములు రక్తమున కనబడినవి. ఆరోగ్యవంతులలో రెండు సూదులకు దాదాపు అందరిలోను అవి పుట్టును. ఫ్రాన్సు దేశమున 101 మందికి మూడవ సూది వేసి చూడగా, 40 ఉన్న సంఖ్య 68కి పెరిగినది. ఆ టీకాలు మన కోవిషీల్డు, కోవాగ్జిన్‌ల కంటె భిన్నమైనవే. అయినను నేర్వదగిన పాఠమొక్కటే. వీరికి టీకా వ్యర్థము కాదు. కాని ఒక్కటి రెండింటితో చాలునని నిశ్చింతగా ఉండరాదు. సూదుల సంఖ్యను వైద్యుడు నిర్ణయింపవలెను.

ఇట్టివారు ఇంటనున్న గృహస్థులు మనసున ఉంచుకొనవలసిన సంగతులు కొన్ని కలవు. కరోనా సోకినదని తెలిసినంతనే భయపడి, కావలిని మెత్తబరచు మందులను తమంతట తాము మానివేయరాదు. మానినచో అవయవమునకే మోసము వచ్చును. ఏ మందు తగ్గింపవలెనో, ఏది కొనసాగింపవలెనో మార్పిడి వైద్యుడు చెప్పును. పొరుగువాడు వాడి బాగుపడినాడని అదే మందును తెచ్చి మ్రింగింపరాదు. కరోనాకు వాడు నిర్మాట్రెల్విర్ మాత్రలతో కలిపి ఇచ్చు రిటోనావిర్, రక్తములో టాక్రోలిమస్ పాలును విషప్రాయముగా పెంచును. దగ్గు, ఆయాసము, విరేచనములు, నీరసము – వీనిలో ఏది కనబడినను జ్వరము కొరకు ఎదురుచూడక, మొదటి దినముననే పరీక్ష చేయించి, తమ వైద్యునికి ఫోను చేయవలెను.

అన్నింటికంటె ముఖ్యమైన కర్తవ్యము రోగిది కాదు, మనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించినది. వ్యాధి మాత్రము లోకమును విడిచిపోలేదు. మనలో అనేకులకు అది ఒక పడిశముగా వచ్చి పోవుచున్నది. ఆ పడిశముతోనే మనము పెండ్లి పందిరిలో పక్కన కూర్చుందుము, బస్సులో భుజము రాచుకొందుము. ఆ పక్కనున్నవాని చొక్కా క్రింద దాగిన శస్త్రచికిత్స మచ్చ మనకు కనబడదు. కనుక ఇంటిల్లిపాదియు టీకా వేయించుకొనుట, దగ్గు జలుబు ఉన్ననాడు మాస్కు ధరించుట, అట్టి దినమున రోగిని చూడబోవుట మానివేయుట – ఇవి చిన్న పనులే. చూడరాలేదని నిష్ఠూరము వచ్చినను ఫరవాలేదు.

తల్లి బిడ్డకు ఇచ్చిన మూత్రపిండము కావచ్చును. ప్రమాదమున కన్నుమూసిన ఏ యువకుని కుటుంబమో దుఃఖమును దిగమ్రింగి జీవన్‌దాన్ పథకము ద్వారా ఇచ్చినది కావచ్చును. ఆ దానమును నిలుపుకొనుటకై కావలిని కట్టివేసికొన్న ఇంటికి, ఇరుగుపొరుగువారే కావలి.