పరుగెత్తని గుర్రం

గుర్రపు పందెమంటే పరుగెత్తిన గుర్రాల కథ అని సామాన్యంగా మనము అనుకుంటాము. కాని పందెపు లెక్కలు ఎరిగినవారు మరొక మాట చెబుతారు. పరుగెత్తని గుర్రమే ఒక్కొక్కప్పుడు ఎక్కువమంది జేబులను తడుముతుందట. పేరు నమోదై, ధర పలికి, వేలాదిమంది దానిమీద సొమ్ము ఒడ్డిన పిమ్మట, పందెం ఆరంభం కాబోయే కొద్ది నిమిషాల ముందు ఒక గుర్రం వైదొలగుతుంది. కాలికి దెబ్బ తగిలి ఉండవచ్చు. వాన కురిసి నేల మెత్తబడి ఉండవచ్చు. బయలుదేరే గదిలోనికి పోనని అది మొండికెత్తి ఉండవచ్చు. ఇట్టి గుర్రాన్ని ఇంగ్లండులో నాన్‌రన్నర్ అంటారు. ఈ చిన్న సంఘటన బెట్టింగు ఎక్స్ఛేంజి అనే కొత్తరకపు బజారులో ఎట్టి కదలికను కలిగిస్తుందో, అందువల్ల ఎవరి సొమ్ము ఎవరికి చేరుతుందో ఈ ప్రసంగంలో మనవి చేస్తాను. పందెం కాయవలసినదని ఎవరికీ సలహా చెప్పడం నా ఉద్దేశం కాదు. ఒక న్యాయమైన సూత్రం కదిలే బజారులో పడినప్పుడు ఏమవుతుందో చూడడమే ఇక్కడి విషయం.

హైదరాబాదులో మలక్‌పేట మైదానాన్ని ఎరిగిన శ్రోతలకు టోటు పద్ధతి కొత్త కాదు. అందులో అందరి సొమ్మూ ఒకే రాశిలో పడుతుంది. పందెం ముగిసిన తరువాత, నిర్వాహకుల భాగం పోగా మిగిలినది గెలిచినవారికి పంచుతారు. ఒక గుర్రం వైదొలగితే దానిమీద కాచిన సొమ్ము వాపసు ఇస్తారు. రాశి ఆ మేరకు తగ్గుతుంది. ధర చివరకు గాని తేలదు కనుక, సవరించవలసిన పాత ఒప్పందమంటూ ఏదీ ఉండదు.

బుకీ దగ్గర పరిస్థితి వేరు. అక్కడ ధర ముందే ఖాయమవుతుంది. పదిమంది పోటీదారులున్నప్పుడు ఇచ్చిన ధర, అందులో అత్యంత బలవంతుడు తప్పుకున్న తరువాత కూడ నిలిచి ఉంటే బుకీ మునుగుతాడు. అందుచేత బ్రిటనులో టాటర్‌సాల్స్ నాలుగవ నిబంధన అనే పద్ధతి ఏర్పడినది. వైదొలగిన గుర్రం ధరనుబట్టి, గెలిచినవాని లాభంలో పౌండుకు ఇన్ని పెన్నీలని కోత విధిస్తారు. ఒకటికి మూడు పలికిన గుర్రం తప్పుకుంటే కోత పౌండుకు 25 పెన్నీలు. ఒకటికి పద్నాలుగుకు మించి పలికిన గుర్రమైతే కోత లేదు. ఈ నిబంధన ఒక మెట్ల వరుస వంటిది. ధరలను గుంపులుగా విభజించి, గుంపునకు ఒక కోత నిర్ణయిస్తుంది.

ఇక ఎక్స్ఛేంజి సంగతి. 2000వ సంవత్సరంలో బెట్‌ఫెయిర్ సంస్థ ఇంగ్లండులో ఈ బజారును తెరిచినది. ఇక్కడ బుకీ లేడు. ఒక గుర్రం గెలుస్తుందని ఒకడు సొమ్ము ఒడ్డుతాడు. గెలవదని మరొకడు దానికి ఎదురు నిలుస్తాడు. మొదటివానిది బ్యాక్, రెండవవానిది లే. సంస్థ వారిద్దరినీ జతపరచి, గెలిచినవాని లాభంలో కొంత రుసుము తీసుకుంటుంది. గుర్రం తప్పుకున్నప్పుడు నష్టం భరించడానికి మధ్య ఒక పెద్ద వ్యాపారి ఉండడు. ఇద్దరు సామాన్యుల మధ్యనే ఆ లెక్క తేలవలెను.

దానికి వారు పెట్టుకున్న సాధనం రిడక్షన్ ఫాక్టర్, అనగా తగ్గింపు శాతం. పందెంలోని ప్రతి గుర్రానికీ దాని గెలుపు అవకాశాన్ని అంచనా వేసి, సంస్థ ఒక శాతాన్ని ముందే ప్రకటిస్తుంది. ఎక్స్ఛేంజిలో ధరను అసలుతో కలిపి చెబుతారు. ధర 4 అంటే ఒక పౌండు ఒడ్డినవానికి అసలుతో సహా నాలుగు పౌండ్లు. ఆ గుర్రం గెలుపు అవకాశం నూటికి 25 అని బజారు భావిస్తున్నదన్నమాట. ధర 8 అయితే అవకాశం నూటికి పన్నెండున్నర. ఇప్పుడు 25 శాతం గుర్రం తప్పుకున్నదనుకోండి. మిగిలినవన్నీ కలిసి 75 పాళ్లే. అందులో పన్నెండున్నర పాళ్లంటే సరిగా ఆరవ వంతు. కనుక న్యాయమైన కొత్త ధర 6. సూత్రం కూడ సరిగా ఆ మాటే చెబుతుంది: ఎనిమిదిలో నాల్గవ వంతు తగ్గిస్తే ఆరు.

ఇక్కడ ఒక భేదాన్ని గమనించవలెను. నాలుగవ నిబంధన లాభాన్ని మాత్రమే కోస్తుంది. ఎక్స్ఛేంజి గెలుపు పందెంలో అసలుతో కలిసిన ధరనంతటినీ కోస్తుంది. ఇదే ఉదాహరణలో పది పౌండ్లు ఒడ్డినవానికి బుకీ వద్ద 70 పౌండ్ల లాభంలో నాల్గవ వంతు పోయి, అసలుతో కలిపి 62 పౌండ్ల 50 పెన్నీలు వస్తాయి. ఎక్స్ఛేంజిలో, రుసుము మాట అటుంచితే, చేతికి వచ్చేది 60 పౌండ్లు. రెండూ ఒకటేనని భ్రమించినవాడు చివర ఆశ్చర్యపోతాడు.

ఇంతవరకు సూత్రం ధర్మకాటా వంటిదే. అయితే ఆ కాటా తూచినది ఏ ఘడియలో? చిక్కంతా అక్కడే ఉన్నది. తగ్గింపు శాతం సంస్థ నిర్ణయించినది. బజారు ధర క్షణక్షణమూ మారేది. సంస్థ తన విచక్షణతో శాతాన్ని సవరించవచ్చును. కాని బజారు పరుగును అది ప్రతి నిమిషమూ అందుకోలేదు. ఉదయం 25 శాతమని రాసిన గుర్రంమీద మధ్యాహ్నానికి నమ్మకం సడలి, దాని ధర 8కి పోయినదనుకోండి. నిజానికి దాని వాటా ఇప్పుడు పన్నెండున్నర మాత్రమే. ఆ సమయంలో మరొక గుర్రాన్ని 7 ధరకు ఒకడు కాచినాడు. వెంటనే మొదటి గుర్రం తప్పుకున్నది. న్యాయంగా వానికి నిలువవలసిన ధర 6.125. శాతం మారకుండా ఉంటే వానికి మిగిలేది 5.25. పది పౌండ్లమీద 8 పౌండ్ల 75 పెన్నీలు చడీచప్పుడు లేకుండా ఎదుటివాని వైపు జరిగిపోయినవి. పరిస్థితి తారుమారైతే ఫలితమూ తారుమారే. తప్పుకున్న గుర్రం అంతకుముందే బలపడి 2.5 ధరకు, అనగా 40 శాతానికి చేరి ఉంటే, 10 ధరకు మరొకదాన్ని కాచినవానికి న్యాయమైన ధర 6; సూత్రం ఇచ్చేది 7.5. ఈసారి ఎదురు నిలిచినవాడు అదనపు భారం మోయవలసి వస్తుంది. మరీ స్వల్పమైన అవకాశం గల గుర్రం, అనగా రెండున్నర శాతానికి లోపు గుర్రం, తప్పుకుంటే గెలుపు పందెంలో తగ్గింపే లేదు. ఆ కొద్ది భారం కూడ ఎదురు నిలిచినవానిదే.

సూత్రానికి అందని సంగతి ఇంకొకటి ఉన్నది. తప్పుకున్న గుర్రం వాటా మిగిలినవాటికి వాటి వాటి పాళ్లనుబట్టి చేరుతుందని సూత్రం ఎంచుతుంది. మైదానంలో అట్లా జరగదు. మొదటినుంచీ ముందు నడిచే గుర్రాలు రెండున్నప్పుడు ఒకటి తప్పుకుంటే, రెండవది ఎదురు లేక తన ఇష్టం వచ్చిన వేగంతో సాగుతుంది. వెనుకనుండి వచ్చే గుర్రాలకు అంతే మేర చిక్కు. వాన విషయంలో ఇది మరింత స్పష్టం. 2015 జూలైలో ఆస్కట్ మైదానంలో జరిగిన కింగ్ జార్జ్ పందేనికి, ఆ ఏటి డెర్బీ విజేత గోల్డెన్ హార్న్‌ను వానకు నేల మెత్తబడినదని పందెం నాడే విరమింపజేశారు. ఆ పందెంలో పోస్ట్‌పోన్డ్ అనే గుర్రం ఈగిల్ టాప్‌ను ముక్కు వాసిలో ఓడించినది. ఫేవరిట్‌ను ఇంట కూర్చోబెట్టిన వానే మిగిలిన గుర్రాల బలాబలాలను కూడ మార్చినది గదా! ఆ రెండవ మార్పుకు ఏ తగ్గింపు శాతమూ లెక్క చెప్పదు.

గుర్రం తప్పుకోగానే ఎక్స్ఛేంజిలో బజారును నిలుపుతారు. దాని పేరు తొలగించి మళ్లీ తెరుస్తారు. దానిమీద జతపడిన పందేలన్నీ రద్దు. ఉదయం 6 ధరకు కొని, మధ్యాహ్నం 3 ధరకు అమ్మి, లాభం చేతికి చిక్కినదని నిశ్చింతగా ఉన్నవానికి ఆ లాభం లేనే లేదు. రెండు ఒప్పందాలూ కలిసి రద్దైనవి. ఒక గుర్రంమీది నష్టాన్ని మరొకదానితో కప్పుకున్నవానికి ఒక రెక్క విరిగి, రెండవ రెక్క తగ్గిన ధరతో మిగులుతుంది. పందేనికి అరగంట వ్యవధి ఉంటే సర్దుకోవచ్చును. రెండు నిమిషాలే ఉంటే, మళ్లీ తెరిచిన బజారులో ధరలు పలుచగా ఉండగా, తొందరలో ఏ ధర దొరికితే దానికి తలవంచవలెను. ఆలస్యంలోని అసలు నష్టం ఇదే.

తప్పుకోవడమూ, బయలుదేరకపోవడమూ ఒకటి కావు. 2023 నవంబరులో ఆస్కట్‌లో షిష్కిన్ అనే పేరుపొందిన గుర్రం, జెండా వాలిన తరువాత కదలనని నిలబడిపోయినది. మిగిలినవి వెళ్లిపోయినవి. అది నాన్‌రన్నర్ కాదు, పందెంలో చేరిన గుర్రమే. దానిమీద కాచిన సొమ్ము వాపసు రాలేదు; ఎవరి ధరా తగ్గలేదు. క్షణం ముందు అధికారులు తొలగించి ఉంటే లెక్క పూర్తిగా వేరుగా ఉండేది.

చివరిది, అన్నిటికంటె గంభీరమైనది, ముందుగా తెలిసినవాని సంగతి. బ్రిటిషు పందేల నిబంధనలు యజమానిని, శిక్షకుణ్ణి తమ గుర్రానికి ఎదురుగా పందెం కాయకుండ నిషేధించినవి. తప్పుకునే గుర్రంమీది పందేలు ఎట్లాగూ రద్దవుతాయి. తగ్గింపు శాతం సరిగా ఉంటే, ఆ వార్త ముందే తెలిసినవానికి మిగిలిన గుర్రాలమీద కూడ సూత్రంవల్ల లాభముండదు. కాని పైన చెప్పిన ఎడం, అనగా రాసిన శాతానికీ బజారు ధరకూ మధ్యనున్న తేడా, తెలిసినవానికి తెరిచిన తలుపు. అందుచేతనే గుర్రం తప్పుకుంటున్న వార్తను ఆలస్యం లేకుండా, అందరికీ ఒకేసారి చెప్పడం కేవలం మర్యాద కాదు. అది బజారు న్యాయానికి ఆధారం.

కాబట్టి ఎక్స్ఛేంజిలో కనబడే ధర స్థిరమైన వాగ్దానం కాదు. నమోదైన గుర్రాలన్నీ పరుగెత్తితేనే అన్న షరతుతో కూడిన మాట. ధరను పెద్ద అక్షరాలలో చూపి, షరతును నిబంధనల మధ్య ఉంచుతారు. లాభం ఎంతని అడిగే ముందు, ఒక గుర్రం రాకుంటే ఏమవుతుందని అడిగినవాడే తాను చేసిన ఒప్పందమేమిటో ఎరిగినవాడు.