విమాన సిబ్బందియు విశ్వకిరణములును

ఆరాంఘర్ మీదుగా శంషాబాదు విమానాశ్రయమునకు పోవువారు తలపైని విమానములను చూతురేగాని, పది కిలోమీటర్ల యెత్తున వాని సిబ్బందిపై విశ్వకిరణములు నేలమీదికంటె ఎన్నోరెట్లు అధికముగా ప్రసరించునని తలపరు. వీరి ఆరోగ్యస్థితిని తేల్చుటకు ఒక్క దేశపు లెక్కలు చాలవు గనుక, 10 దేశముల పరిశోధకులు 93,000కు పైబడిన సిబ్బంది వివరములను జోడించి 2014లో ఫలితములు ప్రకటించిరి. మొత్తము మరణములు సామాన్య ప్రజలకంటె తక్కువైనను, విమానచోదకులలో మెలనోమా యను చర్మ కాన్సరు మరణములు హెచ్చుగా కనబడెను.

ఇట్టి సమష్టికృషిలో గణాంకవేత్త పని కూడికతో ముగియదు: కిరణముల మోతాదును కొలుచు మిల్లీసీవర్టును సీవర్టుగా నమోదుచేసినచో మోతాదు వేయిరెట్లగును, జన్మతేదీలో రోజును నెలగా చదివినచో వయస్సు మారును, ఉద్యోగము విడిచినవారిని లెక్కనుండి తొలగించినచో ఆరోగ్యవంతులే మిగిలి అపాయము మఱుగుపడును. కావున ప్రతి యంకెను మూలపత్రముతో సరిచూచుటయే, తమ వివరములను నమ్మి యప్పగించిన మనుష్యుల యెడ శాస్త్రము నెఱపవలసిన ప్రథమ ధర్మము.