డేటాషీట్‌లో 25, మన ఊళ్లో 45



పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ అభినందనలు. ఈ ములకలపల్లి మండలంలోనే పూసుగూడెం, కమలాపురం దగ్గర సీతారామ ఎత్తిపోతల పథకం పంపుహౌస్‌లు ఉన్నాయి. పూసుగూడెం పంపుహౌస్‌ను 2024 ఆగస్టు 15న ప్రారంభించారు. అటు పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం, మన కేటీపీఎస్, ఉంది. మీలో కొందరు ఇలాంటి చోట్లే పనిలో చేరతారు. అక్కడ నీటినీ, ఆవిరినీ కనిపెట్టుకుని ఉండేవి ప్రెషర్ సెన్సర్లు. వాటి గురించే మాట్లాడతాను.

చాలా సెన్సర్ల లోపల పల్చటి సిలికాన్ పొర ఉంటుంది. ఒత్తిడికి అది వంగితే దానిమీది రెసిస్టర్ల విలువ మారుతుంది. సిలికాన్‌కున్న ఈ గుణాన్ని 1954లో బెల్ ల్యాబ్స్‌లో చార్లెస్ స్మిత్ వెల్లడించారు. చిక్కల్లా ఆ విలువ వేడికీ మారడమే. ఒత్తిడి లేకున్నా సున్నా పక్కకు జరుగుతుంది. అది వాల్వు మూసి, గాలికి వదిలితే దొరికిపోతుంది. వేడి పెరిగేకొద్దీ ఒత్తిడికి స్పందించే గుణం కూడా తగ్గుతుంది. సున్నా దగ్గర చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది కాబట్టి ఇది అంత సులువుగా దొరకదు. నాకు భయం దీని గురించే.

తయారీదారులు దీన్ని సరిదిద్దే ఏర్పాటు లోపలే పెడతారు, నిజమే. కానీ డేటాషీట్ చివరిదాకా చదవండి. పైన కనిపించే కచ్చితత్వం చాలాసార్లు 25 డిగ్రీల దగ్గరి మాట. సెన్సర్ పాడవకుండా తట్టుకునే ఉష్ణోగ్రతలు వేరు, లోపాన్ని సరిదిద్దిన ఉష్ణోగ్రతలు వేరు. రోళ్లు పగిలే రోహిణీ కార్తె ఎండలో ఇక్కడ గాలే 45 దాటే రోజులున్నాయి. రేకు పెట్టెలో బిగించిన, సెన్సర్ కొలతను పంపే ట్రాన్స్‌మిటర్ అంతకన్నా కాలుతుంది.

ఓవర్‌హెడ్ ట్యాంకు కింద 10 మీటర్ల నీటిమట్టం కొలిచే సెన్సర్ ఉందనుకోండి. డిగ్రీకి పూర్తి కొలతలో 0.02 శాతం సున్నా జరిగితే, తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ 30 డిగ్రీల తేడాలో 6 సెంటీమీటర్ల తప్పు. నీళ్లు ఎవరూ వాడకున్నా మట్టం తగ్గినట్టు చూపిస్తే, ఆపరేటర్ లీకేజీ అనుకుని ఎండలో పైపు వెంట తిరుగుతాడు. ఆ మనిషి కష్టం మీకు పట్టాలి.

అందుకే ముందుగా ట్రాన్స్‌మిటర్ పెట్టెకు నీడ కల్పించండి. ఆవిరి లైన్ల మీద గేజీకి ముందు వంపు తిరిగిన సైఫన్ గొట్టం ఉంటుంది. అందులో నిలిచిన నీరు ఆవిరి వేడిని గేజీకి తగలనివ్వదు. దాన్ని తీసేసి పని తొందరగా ముగించకండి. క్యాలిబ్రేషన్ షీట్‌లో ఒత్తిడి పక్కనే ఉష్ణోగ్రతకూ ఒక గడి గీయండి. సెన్సర్‌ను వేడి చేసి, చల్లార్చి, సున్నా మళ్లీ తన చోటికి వచ్చిందో లేదో చూడండి. రాకపోతే, పైవాళ్లు ఎంత తొందరపెట్టినా, దాన్ని లైన్‌లో పెట్టొద్దు.