నక్షత్రగతి – నిశ్చలమైన కొలబద్ద



వేసవి యెండకు ఇనుప గొలుసు సాగును. సాగిన గొలుసుతో కొలిచిన పొలము లెక్కలో తగ్గును. తప్పు పొలముది కాదు, గొలుసుది. నక్షత్రముల చలనమును కొలుచువారి చిక్కును ఇదియే.

గ్రహము తన చుట్టు తిరుగుచుండగా, దాని ఆకర్షణచే నక్షత్రమును కొంచెము ఊగును. నక్షత్రము మనవైపు వచ్చునపుడు దాని వర్ణపటములోని నల్లని గీతలు నీలము వైపునకును, దూరమగునపుడు ఎరుపు వైపునకును జరుగును. ఆ గీతలను చూపు యంత్రమే స్పెక్ట్రోగ్రాఫు. గురుగ్రహము మన సూర్యుని ఊపు వేగము సెకనుకు 12 మీటర్లకు పైగా నుండును; భూమి ఊపునది సుమారు 9 సెంటీమీటర్లు మాత్రమే.

పూర్వము ఈ యంత్రమును దూరదర్శినికే తగిలించెడివారు. దూరదర్శిని నక్షత్రము వెంట తిరుగుకొలది యంత్రము తన బరువునకే వంగెడిది, గీతలు జరిగెడివి. ఈ చిక్కును సన్నని గాజు తంతువు తీర్చినది. అది వెలుగును వేరొక గదికి చేర్చును. అచట యంత్రము కదలక యుండును. మినుకుమను నక్షత్రకాంతి తంతువులో పలుమారులు ప్రతిఫలించి సమముగా కలిసి వెలువడుట మరియొక లాభము.

ఫ్రాన్సు దేశమున ఓట్-ప్రోవాన్స్ వేధశాలలోని ఎలొడీ యిట్టి యంత్రమే. దానితో మిషెల్ మేయర్, డీడియే కెలో అను పండితులు 51 పెగాసి చుట్టు 4.2 దినములకొకసారి తిరుగు గ్రహమును కనుగొని 1995లో ప్రకటించిరి. 2019లో నోబెల్ బహుమానము నందిరి.

చిలీలోని లా సిల్లాలో 2003లో నెలకొల్పిన హార్ప్స్ యంత్రము గాలి తీసివేసిన పాత్రలో నుండును. దాని వేడిమి డిగ్రీలో నూరవ వంతైనను మారకుండునట్లు కాపాడుదురు. తంతువులు రెండు: ఒకటి నక్షత్రకాంతిని, రెండవది గీతల స్థానములు ముందే తెలిసిన థోరియం దీపపు కాంతిని తెచ్చును. దీపపు గీతలును జరిగినచో యంత్రము చలించినదనియు, నక్షత్రపు గీతలే జరిగినచో నక్షత్రము చలించినదనియు తేలును.

మన దేశమున అబూ పర్వతముపై 1.2 మీటర్ల దూరదర్శినికి జతపరచిన పరాస్ కూడ తంతువుతో వెలుగునందుకొనునదే. దానితో భూమికి సుమారు 27 రెట్లు బరువుగల గ్రహమును కనుగొన్నట్లు 2018లో ప్రకటించిరి.

కొలుచు యంత్రము ఊగినచో లేని గ్రహము లెక్కకెక్కును. ఉన్న గ్రహము మరుగగును. కావున క్రొత్త లోకము కనబడెనను వార్తను ఈ గ్రంథాలయమున చదువు బాలబాలికలు తొలుత నడుగదగిన ప్రశ్న ఒకటి గలదు: కొలిచిన యంత్రము ఎంత నిలుకడ గలది?