శిశువులకు ఫలాహారము: పురపాలక, తాలూకా ఉద్యోగులకు ఉపన్యాసము



పండు పెట్టినచో బిడ్డకు జలుబు చేయుననియు, అరటిపండు కఫమును పెంచుననియు పెక్కు గృహములలో నొక భయము గలదు. అందుచేత ఏడాది నిండువఱకు బిడ్డకు పండు రుచి చూపని తల్లులు గలరు. నిజముగా భయపడవలసినవి వేఱు. అవి పండును కోసిన కత్తియందును, కడిగిన నీటియందును, ముక్క యొక్క ఆకారమందును గలవు. వీనిలో కొన్ని తల్లి చేతిలోనివి. తక్కినవి అంగడిమీదను కుళాయిమీదను అధికారము గలవారి చేతిలోనివి.

ఆఱు మాసములు నిండువఱకు శిశువునకు తల్లిపాలే చాలును. పండ్లరసము గాని, మంచినీరు గాని అక్కఱలేదు. తేనెయైతే సంవత్సరము నిండకుండ నాకింపనే రాదు. పిమ్మట బాగుగా మాగిన అరటిపండును గాని, బొప్పాయిని గాని, మామిడిని గాని మెత్తగా నలిపి, మొదట ఒకటి రెండు చెంచాలు పెట్టవలయును. క్రొత్త పండును రెండు మూడు దినములు ఒంటిగా పెట్టి చూచినచో, దద్దురు లేచినను విరేచనమైనను కారణము తెలియును. ఆపిలు వంటి గట్టి పండును ఉడికించియే నలుపవలయును. రసము తీసి పోయుట మేలని కొంచెము చదువుకొన్నవారే యెక్కువగా తలంతురు! రసములో పీచు పోయి చక్కెర మిగులును; సీసాతో త్రాగించినచో దంతములు పుచ్చును. ప్రపంచారోగ్యసంస్థ 2023లో ప్రకటించిన సూచనలలో ఆఱు మాసములు మొదలు రెండేండ్లు నిండువఱకు బిడ్డలకు ప్రతిదినము పండ్లును కూరగాయలును పెట్టుమనియు, రసమును పరిమితము చేయుమనియు గలదు.

గొంతున అడ్డుపడుట అన్నిటికంటె శీఘ్రముగా ప్రాణము తీయునది. ద్రాక్షపండు గుండ్రముగా జారుచుండుటచే శ్వాసనాళమునకు బిరడావలె బిగియును. దానిని అడ్డముగా కోసిన చాలదు. నిలువుగా నాలుగు చీలికలు చేయవలయును. సపోటా గింజ కొన కొక్కెమువలె వంగియుండును. సీతాఫలపు గింజలు నున్ననివి. నేరేడు, రేగు గింజలను బిడ్డ నోటిలోనే ఉమియునని నమ్మి యుండరాదు. తల్లి వానిని ముందుగా తీసివేయవలయును. బిడ్డ కూర్చుండి తినవలయును గాని, పరుగెత్తుచు తినరాదు.

ఇక అంగడి సంగతి. మామిడికాయల నడుమ కార్బైడు పొట్లములు పెట్టి మాగించు వర్తకులు నేటికిని కనబడుచున్నారు. తేమ తగిలినప్పుడు అది ఎసిటిలీను వాయువును విడుచును. అందులో ఆర్సెనికు, ఫాస్ఫరసు మాలిన్యములుండవచ్చును. భారతదేశమున 2011 నాటి ఆహారభద్రతా నిబంధనలు దీనిని నిషేధించినవి. ఎథిలీను వాయువును పరిమితముగా వాడుటకు అనుమతి గలదు. గడ్డిలో మాగవేయు పాతపద్ధతికి ఆటంకమే లేదు. కావున తనిఖీ మామిడి ఋతువు ముగియునప్పుడు గాక, మొదటి బండ్లు దిగునప్పుడే జరుగవలయును. కోసి తెఱచియుంచిన పుచ్చముక్కలు ఈగలకు నిలయములు. అవి పసిబిడ్డలకు కూడదు. పండును కోయుటకు ముందే ధారనీటిలో కడుగవలయును. కుళాయినీరే శుద్ధము కానిచోట ఈ బోధ వ్యర్థము.

పండు భోజనమునకు బదులు కాదనుటకు బీహారులోని ముజఫర్‌పూరు సంగతి చాలును. 2014లో మే కడపటి నుండి జూలై నడుమ వఱకు అచ్చటి రెండు ఆసుపత్రులలో 390 మంది బాలబాలికలు మూర్ఛలతోను మెదడు వాపు లక్షణములతోను చేరిరి. వారిలో 122 మంది మరణించిరి. లిచీపండ్లలోని హైపోగ్లైసిన్ అను పదార్థమును, రాత్రిభోజనము లేకుండ నిద్రించుటయు కలసి రక్తములోని చక్కెరను ప్రమాదకరముగా దించినవని 2017లో ప్రకటితమైన పరిశోధన తెలిపెను. తోటలలో పగలంతయు పండ్లు తిని రాత్రి అన్నము లేక పండుకొన్న పేదబిడ్డలే యెక్కువగా బలియైరి. అట్టి తోటలు గల తాలూకాలలో ఋతువు రాకముందే, రాత్రి బిడ్డకు అన్నము పెట్టక నిద్రపుచ్చరాదని ఊరూర దండోరా వేయింపవలయును. ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో రక్తములోని చక్కెరను చూచు సాధనమును, ఎక్కింపదగిన గ్లూకోసును ఆ మాసములందు తప్పక సిద్ధముగా నుంచవలయును.