మా పెరట్లో మే పుష్పాలు

డి.ఏ. బకాయిల గురించి పెద్దలు మాట్లాడారు. నేను ఒక పూలమొక్క గురించి నాలుగు మాటలు చెప్పి కూర్చుంటాను.

1986లో మా ఆవిడ కడియం నర్సరీ నుంచి మూడు మే పుష్పం దుంపలు తెచ్చి, కాకినాడలో మా పెంకుటింటి పెరట్లో నూతిగట్టు పక్కన పాతింది. ఎండలు ముదిరాక ముందు కాడ లేస్తుంది. దాని కొసన ఎర్రటి బంతిలాంటి పువ్వు. వారం, పది రోజులు నిలుస్తుంది. ఏడాదికి ఆ ఒక్కసారే. చలికాలంలో ఆకులు కూడా ఎండిపోయి నేల బోసిపోతుంది. ఆ మూడు దుంపలే పిలకలు పెట్టి నలభై దాకా అయ్యాయి.

2019లో ఆవిడ కాలం చేసింది. ఆ శీతకాలం మొక్కలు కనబడకపోయేసరికి, నేను పట్టించుకోక చచ్చిపోతున్నాయనుకుని రోజూ రెండేసి బిందెల నీళ్లు పోశాను. సెలవులో ఉన్న ఉద్యోగికి మెమో మీద మెమో ఇచ్చినట్టు! సగానికి పైగా కుళ్లిపోయాయి. మరుసటి మే నెలలో ఆరంటే ఆరు పూశాయి. నూతిగట్టు మీద కూర్చుని ఏడ్చాను. మీ దగ్గర దాపరికం ఎందుకు?

ఇప్పుడు ఆ స్థలం అపార్టుమెంటుకు ఇస్తున్నాం. పిల్లలు అడిగారు, సంతకం పెట్టాను. దుంపలు నిద్రలో ఉండగానే తవ్వి, నీడన ఆరబెట్టి తెచ్చాను. మెడ మట్టిపైకి కనబడేలా పాతండి. మొలక వచ్చేదాకా నీళ్లు పోయకండి. దుంప విషం, ఉల్లిపాయనుకుని వంటింట్లో పెట్టేరు, జాగ్రత్త. సంచీ కోశాధికారిగారి బల్ల పక్కనుంది. మనిషికి ఒకటి.